బండి సాధువని నేను చెప్పిన మాట

తిరుమల కొండకు ఘాట్ రోడ్డు పడిన తర్వాత చిన్న కార్ల బతుకు బయటపడిపోయింది. అంతవరకు తిరుపతిలో ప్లీడర్లు, డాక్టర్లు వాటిలోనే దర్జాగా తిరిగేవాళ్లు. అలిపిరి దాటి నాలుగు మలుపులు ఎక్కేసరికి అవి ముందర మూత ఎత్తుకుని, ఆవిరి కక్కుతూ రోడ్డు పక్కన నిలబడిపోయేవి. ఆడవాళ్లు దిగి చెట్ల నీడన కూర్చుంటే డ్రైవరు చెంబు పట్టుకుని నీళ్లకోసం తిరిగేవాడు. పెద్ద ఇంజను ఉన్న పొడుగు కార్లు మాత్రం ఏడెనిమిది మందిని వేసుకుని వాటి పక్కనుంచే సాగిపోయేవి. అది కళ్లారా చూసిన ప్రతి కలిగినవాడికీ పెద్ద కారే కావాల్సి వచ్చింది. యుద్ధం అప్పుడే ముగిసింది, కొత్త కార్లు మద్రాసులోనే దొరకడం లేదు. అందువల్ల పాత పెద్ద కారు ఎవరింట్లో ఉన్నా, పెళ్లిచూపులకు వచ్చినట్టు వచ్చి చూసి పోయేవాళ్లు.

అలాంటి కారొకటి మా ఆయన తోలేవాడు. బండి మాది కాదు. చిత్తూరు దారిలో మామిడి తోటలున్న ఒక పెద్దమనిషిది. పెట్రోలు దొరకని యుద్ధం రోజుల్లో వెనక బొగ్గు గ్యాసు పొయ్యి బిగించి, ఆ గ్యాసుతోనే నడిపి, మొహమంతా మసి చేసుకుని, ఆ బండి ఊపిరి పోకుండా కాపాడింది మా ఆయనే. కారు షెడ్డు పక్కన మాకొక గది ఇచ్చారు. ఆ గదిలోనే నేను కాపురానికి వచ్చాను, ఆ గదిలోనే ఇద్దరు బిడ్డలను కన్నాను.

పెద్ద కార్లకు గిరాకీ చూసి యజమానికీ ఆశ పుట్టింది. అమ్మేస్తానన్నాడు. మేము అంతగా దిగులు పడలేదు. ఆ రోజుల్లో కారు చేతులు మారితే డ్రైవరు కూడా కారుతోనే పోయేవాడు. బండి మర్మం తెలిసినవాడు వాడొక్కడే కాబట్టి, కొన్నవాళ్లే బతిమాలి తీసుకుపోయేవాళ్లు. కాబట్టి మంచివాడెవడైనా కొంటే చాలు, మాకూ తిండీ గూడూ నిలుస్తాయి. మా ఆయన ఆశంతా అదే.

సత్యవేడు వైపు నుంచి ఒక భూస్వామి వచ్చాడు. వెంట భార్య, ఇల్లరికం తెచ్చుకున్న అల్లుడు. కొండ ఎక్కించి చూపిస్తేగాని కొననన్నాడు. ఆ పొద్దున సన్నగా తుంపర పడుతోంది. మా ఆయన గదిలోకి వచ్చి, "నువ్వూ మా అమ్మా కోక మార్చుకోండి, కొండకు పోవల్ల" అన్నాడు.

"మేమెందుకయ్యా? మేమేమన్నా కొంటామా?" అన్నాను.

"బండిని తోసేది వెనక చక్రాలు. తడి రోడ్డు మీద వెనక బరువు లేకపోతే అవి జారతాయి. వెనక కూచునేది ఆయమ్మ ఒక్కతే, సన్నంగా ఉండాది, సాలదు."

మా అత్తకు చెవులు చురుకు. "ఏమిరా, నన్ను రాగులమూట అనుకుంటివా?"

"మూటైతే నోరెత్తకుండా కూచుంటాదిమా. నువ్వు అరవకుండా ఉంటే అదే పదివేలు."

వెనక సీట్లో ఆ భూస్వామి భార్యకు చెరో పక్క మా అత్తా నేనూ కూర్చున్నాం. ముందు సీట్లో మా ఆయన పక్కన అల్లుడు, తలుపు పక్కన భూస్వామి. అలిపిరిలో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, టెంకాయ కొట్టి బయలుదేరాం. ఆ రోజు మా ఆయన తోలిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. మలుపు రాకముందే గేరు మార్చేవాడు. మార్చినట్టే తెలిసేది కాదు, ఒళ్లో పెట్టుకున్న తమలపాకు కూడా కదిలేది కాదు. దారిలో రెండు చిన్న కార్లు ఆగిపోయి ఉన్నాయి. మా బండి వాటిని దాటుకుని, రొప్పకుండా, రోజకుండా పైకి పోయింది.

భూస్వామి వెనక్కి తిరిగి, "బండీ బాగుండాది, మనిషీ బాగుండాడే" అని భార్యతో అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అత్త ఆయమ్మ వీపు వెనకనుంచి చెయ్యి చాచి నా భుజం గిల్లింది, విన్నావా అన్నట్టు.

అప్పుడు ఆ ఇల్లాలు నావైపు తిరిగి మెల్లగా అడిగింది. "ఏమ్మా, ఇంత పెద్ద బండి. మొరటుదా? మాట వింటాదా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేనూ సత్యవేడు వైపు పుట్టినదాన్నే. మా దిక్కున ఎద్దులు కొనడానికి వచ్చినవాళ్లు యజమాని మాట ఒక పట్టాన నమ్మరు. ఆ ఇంటి ఆడమనిషిని అడుగుతారు. కుడితి పెట్టేది ఆమె కాబట్టి ఎద్దు గుణం ఆమెకే తెలుస్తుందని నమ్మకం. మా అమ్మ ప్రతిసారీ "మా ఎద్దు సాదు, మా పాపే పలుపు పట్టుకోని తోలుకపోతాది" అని చెప్పేది. ఆ మాటతో బేరం కుదిరిపోయేది. ఆ ఇల్లాలు అడిగింది కూడా అచ్చం ఆ అడగడమే. నాకు ఇంకొక జవాబు తోచలేదు.

"శానా సాదమ్మా. మా తమ్ముడు పండక్కి వచ్చి పది దినాల్లో నేర్చుకున్నాడు. ఎవురు పట్టుకున్నా పోతాది" అన్నాను.

తమ్ముడు నేర్చుకున్న మాట నిజమే. మైదానం మీద, మా ఆయన పక్కన కూర్చుంటే, ఒక చేతి మీద ఆయన చెయ్యి ఉంటే. అదంతా నేను చెప్పలేదు. ఎద్దును పొగిడేటప్పుడు దాన్ని మచ్చిక చేసినవాడి గురించి ఎవరు చెబుతారు? ముందు సీట్లో అల్లుడు చటుక్కున తలెత్తాడు. మా ఆయన చెవులు ఎర్రబడటం వెనకనుంచి చూశాను. ఎందుకో అప్పటికి అర్థం కాలేదు.

మధ్యాహ్నానికి దిగొచ్చాం. యజమాని వసారాలో కుర్చీలు వేశారు. భూస్వామి తాంబూలం అందుకుని, "బండి నాకు సరిపోయింది. డ్రైవరు వద్దు. మా అల్లుడు తిని కూచోనుండాడు, ఆయనే తోలుకుంటాడు" అన్నాడు.

మా ఆయన మెట్టు కింద నిలబడే, "అయ్యా, చదును మీద వేరు, ఘాట్ మీద వేరు" అన్నాడు.

"యాడైనా ఒకటే గదప్పా. ఎవురు పట్టుకున్నా పోతాదని నీ పెండ్లామే సెప్పింది." ఆయన ఎగతాళికి అనలేదు, మంచిగానే అన్నాడు. యజమాని నవ్వి, "ఇంటిదాని మాటకు తిరుగేముందప్పా" అన్నాడు. అల్లుడు అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు.

పది రోజుల్లో గది ఖాళీ చేయమన్నారు. ఆ గదిలో మామిడికాయలకు గడ్డి పరిచారు. మా ఆయన తిరుపతిలో, చిత్తూరులో ఎక్కని గడప లేదు. పెద్ద కార్లు నెలనెలా పెరుగుతూనే ఉన్నాయి. కొన్న ప్రతివాడికీ తోలడానికి తమ్ముడో బావమరిదో తయారుగా ఉన్నాడు. చివరికి మా ఆయన ఘాట్ రోడ్డులోనే కంకర పోసే కూలీల్లో చేరాడు. పెద్ద కారు వస్తే గంప పట్టుకుని పక్కకు తప్పుకునేవాడు. నేను సంగటి తీసుకుపోయినప్పుడు చాలాసార్లు చూశాను.

ఆ సంగతి గురించి ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అత్త మాత్రం రోజూ అనేది. "మూట నోరెత్తకూడదని నాకు సెప్పినాడు. నీకు సెప్పుండల్ల" అని. అత్తకు నేను బదులు చెప్పేదాన్ని. ఒకరోజు మలుపు దగ్గర ఆయనకు సంగటి ముద్ద పెడుతూ, ఉండబట్టలేక అడిగేశాను. "నా మీద కోపముంటే తిట్టేయరాదా?"

ఆయన చేతులకు అంటిన కంకర దుమ్ము దులుపుకున్నాడు.

"నువ్వేం అబద్ధం సెప్పలేదు గదే. అది సాదు బండే. తొమ్మిదేండ్లు పట్టింది నాకు, అట్ల సెయ్యడానికి."

తిట్టి ఉంటే నయంగా ఉండేది. ఆ మాట మింగడం నాకీనాటికీ చేతకాలేదు. ఆయన మాత్రం సంగటి తిని, చెయ్యి కడుక్కుని, గంప ఎత్తుకున్నాడు.