తూర్పు మెట్లు, పడమటి మెట్లు

మా పక్కింటి అంకుల్ పోయినవారం కన్నుమూశారు. పొద్దున్నే ఆంటీ ఫోన్ చేసి, "మీ అంకుల్ ఇంక లేరమ్మా" అన్నారు. ఆ వెంటనే, "ముందు తలుపుకి మంచు అడ్డం పడింది, గరాజ్ వైపు నుంచి రా" అన్నారు. అంత ఏడుపులోనూ ఏ తలుపో చెప్పడం మర్చిపోలేదు. ఆ ఇంటి అలవాటది. కెనడాలోని మా రెజైనాలో వాళ్లని ఎరిగిన తెలుగువాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ అలవాటు చూసి నవ్వినవాళ్లే.

దాని వెనక ఉన్న కథని సంస్మరణ సభలో చెప్పమని ఆంటీ నన్ను అడిగారు. మొదలుపెట్టాను. సభలోవాళ్లు పూర్తి చేయనివ్వలేదు. ఆ చిరాకు నాలో ఇంకా తగ్గలేదు. ఒక్కసారైనా అది చివరిదాకా వెళ్లాలని ఇక్కడ రాస్తున్నాను.

కొత్తగా వచ్చే తెలుగు పిల్లల్ని వాళ్లే వెళ్లి తీసుకొచ్చేవారు. నేను చదువుకోవడానికి ఈ ఊరొచ్చిన రోజు బస్ డిపోలో అంకుల్ ఒక తలుపు దగ్గర, ఆంటీ ఇంకో తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఇద్దరి చేతుల్లోనూ నా పేరు రాసిన అట్టముక్కలు. "ఇంత చిన్న డిపోకి ఇద్దరెందుకంకుల్?" అన్నాను.

"తప్పిపోవడానికి పెద్ద చోటే కానక్కర్లేదు తల్లీ" అన్నారు.

మాల్ దగ్గర కలుద్దామంటే "ఏ డోర్?" అనేవారు. మా అమ్మాయిని స్కూల్ నుంచి తీసుకురమ్మన్నా "ఏ డోర్?" అనే అడిగేవారు. మా అమ్మాయి ఆయనకి 'విచ్ డోర్ అంకుల్' అని పేరు పెట్టింది.

తూర్పు జర్మనీ ఇంకా విడిగా ఉన్న రోజుల్లో అంకుల్ లైప్‌జిగ్‌లో ఇంజినీరింగ్ చదివారు. ఆ ఊరి రైల్వే స్టేషన్ గురించి ఎత్తుకుంటే ఆపేవారు కాదు. అది కట్టేటప్పుడు ప్రష్యా రైల్వే, సాక్సనీ రైల్వే చెరి సగం పంచుకున్నాయట. పడమటి సగం ప్రష్యాది, తూర్పు సగం సాక్సనీది. ఎవరి ప్లాట్‌ఫారాలు వాళ్లవి, ఎవరి వెయిటింగ్ రూములు వాళ్లవి. ఆఖరికి లోపలికొచ్చే హాళ్లు కూడా రెండు. ఎవరికీ తక్కువైందన్న మాట రాకుండా ఆ హాళ్లనీ, వాటిలోని వెడల్పాటి మెట్లనీ అచ్చం ఒకేలా కట్టారు. "బయటికి ఒకే ఇల్లు, లోపల వేరు కాపురాలు" అనేవారు అంకుల్. యుద్ధంలో బాంబులు పడి కప్పు కూలితే, తర్వాత దాన్ని మళ్లీ నిలబెట్టారు.

రెజైనాలో కాసినోగా మార్చేసిన పాత స్టేషన్ ముందు నుంచి కారు వెళ్తే మాత్రం విసుక్కునేవారు. "మనకీ ఉంది ఒక స్టేషన్! బండి రాదు, లోపల జూదం ఆడుకుంటారు."

"లైప్‌జిగ్‌ స్టేషన్లోనూ ఇప్పుడు షాపులే కదా అంకుల్!"

"పెట్టుకోనీ. బండి వస్తోందా లేదా, అది చెప్పు."

విందుల్లో ఆయన కథ ఇక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరు బిర్యానీ ట్రే తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్లు. మిగతాది నేను విన్నది ఒక్కసారే. కంటి డాక్టర్ దగ్గర నుంచి ఆయన్ని తీసుకొస్తుంటే, మంచు తుఫానుకి దారి మూసుకుపోయింది. ఆ కారులో ఆయనకి అడ్డొచ్చేవాళ్లు లేరు.

అంకుల్ చదువుకెళ్లిన కొత్తలో, పశ్చిమ జర్మనీలో పని చేస్తున్న ఆయన అన్నయ్య ఒక్కరోజు పర్మిట్ మీద తమ్ముణ్ని చూడ్డానికి వచ్చారు. "స్టేషన్లో పెద్ద మెట్ల దగ్గర ఉండు" అని ముందే చెప్పారు. అంకుల్‌కి తెలిసినవి తూర్పు మెట్లే. అక్కడే నిలబడ్డారు. అన్నయ్య పడమటి మెట్ల దగ్గర నిలబడ్డారు. పొద్దుగూకేదాకా అలాగే ఉండి, అన్నయ్య తిరుగు బండి ఎక్కేశారు.

మర్నాడు హాస్టల్‌కి ఫోన్ వచ్చింది.

"ఎక్కడ చచ్చావురా?"

"మెట్ల దగ్గరే అన్నయ్యా!"

"నేనూ మెట్ల దగ్గరేరా గాడిదా!"

ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారట. ఎలాగూ ఇంకోసారి కలుస్తాం కదా అన్న ధీమా. ఆ ఏడే అన్నయ్య జబ్బు చేసి పోయారు.

పొద్దంతా ఒక్కరికైనా రెండోవైపు వెళ్లి చూద్దామని తోచలేదా? నాకు నమ్మబుద్ధి కాలేదు. అడిగేశాను. "నేను అలా కదలగానే అన్నయ్య వస్తే?" అన్నారు అంకుల్, వైపర్లకేసి చూస్తూ. అటువైపు అన్నయ్య కూడా అదే అనుకుని ఉంటారు. ఏమో, నాకు తెలియదు.

సభలో నేను ప్రష్యా, సాక్సనీల దాకా వచ్చాను. అంతలో యాంకరింగ్ చేస్తున్నతను పక్కకొచ్చి, "అక్కా, లంచ్ చల్లారిపోతోంది, కొంచెం ఫాస్ట్‌గా..." అని మైక్ అందుకున్నాడు. "సో ఫ్రెండ్స్, మన అంకుల్ జర్మన్ రైల్వేస్‌కి ఎంతో సర్వీస్ చేశారు!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అంకుల్ ఆ రైల్వేలో ఒక్కరోజు కూడా పని చేయలేదు. మైక్ మళ్లీ లాక్కోవాల్సిందేమో. మర్యాద కాదేమో. నేను తేల్చుకునేలోపు ప్లేట్లు పంచడం మొదలైంది.

ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "పోనీలేమ్మా. ఆలస్యంగా వచ్చేవాళ్లుంటారు, నువ్వు వెనక తలుపు దగ్గర ఉండు. నేను ముందు వైపు ఉంటా" అన్నారు.

వెళ్లాను. కారిడార్ అటు చివర ఆంటీ, ఇటు చివర నేను. వచ్చినవాళ్లంతా ముందు తలుపు నుంచే వచ్చారు. భోజనానికి రమ్మని ఎవరో రెండుసార్లు కేకేశారు. కదల్లేకపోయాను. తలుపు అద్దంలోంచి చూస్తే బయట మెట్ల మీద మంచు పడుతూనే ఉంది, ఒక్క అడుగు ముద్రా లేకుండా.