మెదడు పాఠం చెప్పిన అటెండరు

మొన్న మంగళవారం పొద్దున్నే పాత విద్యార్థిని ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, బాబాయ్ పోయాడు" అని ఒకటే ఏడుపు. బాబాయ్ అంటే నరసరావుపేటలో మా కాలేజీ జువాలజీ ల్యాబ్ అటెండరు. రెండేళ్ల కిందట రిటైరయ్యారు. ఆ కబురు వినగానే నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. నేను పోతే ఈ పిల్ల ఇలా ఏడుస్తుందా అనిపించింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఆయన పదో తరగతి దాకా చదివారు. నేను డాక్టరేట్ చేసి వచ్చిన జువాలజీ లెక్చరర్ని. అయినా పిల్లలు సందేహం వస్తే నా గది దాటుకుని ల్యాబ్‌కే వెళ్లేవాళ్లు.

ఒక ఏడాది క్షీరదాల మెదడు ఎలా పెరిగిందో చెప్పాను. బోర్డు నిండా బొమ్మలు వేశాను. డైనోసార్ల కాలంలో చుంచెలుకంత జీవులు చీకట్లో తిరిగేవనీ, వాసన, స్పర్శ వాటి మెదడును పెంచాయనీ గంటసేపు చెప్పినా క్లాసులో ఒక్క ముఖం వెలగలేదు. మర్నాడు ల్యాబ్ గుమ్మం దగ్గర ఆగిపోయాను. ఆయన ఒకమ్మాయిని కళ్లు మూసుకోమని, ఆమె మోచేతి మీద చీపురుపుల్ల ఆడిస్తున్నారు.

"ఏం తెలిసిందమ్మా?"

"చీమ పాకినట్టుంది బాబాయ్."

"పుల్ల చర్మానికి తగల్లా, వెంట్రుకలకే తగిలింది. చీకట్లో బతికే ఆ బుల్లి జీవికి ముక్కూ వెంట్రుకలే దిక్కు. అవి చెప్పే కబుర్లు చానా ఎక్కువైనాయి. అన్నీ పట్టాలంటే మెదడు పెరగాలి గదా!"

పిల్లలంతా "ఓహో" అన్నారు. నా ఒళ్లు మండింది. సాయంత్రం ఆయన్ని పిలిచి, "మీ పని జాడీలు కడగడం. పాఠం చెప్పడం కాదు" అన్నాను. "అట్టాగే మేడమ్" అన్నారు.

అన్నట్టే నోరు విప్పలేదు. ప్రాక్టికల్ పరీక్షలో ఒక పిల్లాడు కుందేలు మెదడు జాడీ ముందు బిక్కమొహం వేసి ఆయన వైపు చూస్తే, ఆయన తల దించుకున్నారు. ఆ దించుకున్న తల చూశాక నాకు అన్నం సహించలేదు. మర్నాడే వెళ్లి, ఆ మాట తప్పని ఒప్పుకున్నాను. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను.

"మీ దగ్గరే మేడమ్. కిటికీ అవతల జాడీలు కడుగుతా వినేవాణ్ణి. ఇంటికి పోయి మా ఆడమనిషికి చెప్పేవాణ్ణి. 'ఏంది నీ సోది, తెలిసేటట్టు చెప్పు' అనేది. దానికి అర్థమయ్యిందాకా చెప్పేవాణ్ణి."

నాకు అసూయ తగ్గకపోగా పెరిగింది. నా పాఠం అర్థం కాలేదని నాతో ఎవరూ ఎన్నడూ అనలేదు. అంత చనువు నేనెవరికీ ఇవ్వలేదు. అయినా ఆ తర్వాత ప్రతి మెదడు పాఠానికీ ఆయన్ని క్లాసుకి రమ్మన్నాను. చెప్పింది ఆయనే. విన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మంగళవారం మధ్యాహ్నం వినుకొండ రోడ్డు పక్క సందులో వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో షామియానా కింద పాతిక మంది దాకా పాత విద్యార్థులు పట్టాల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్య ఆయన భార్య. "ఆయన తిండి దగ్గర కూడా ఎలకల మెదళ్ల కబుర్లేనయ్యా," అని ఏడుస్తూనే నవ్వుతూ, ఆయన చెప్పిన పాఠాలు ఒక్కొక్కటే వాళ్లకు చెబుతోంది. నా కోసం ఎవరూ లేవలేదు. చెప్పులు విడిచి, చివరి వరసలో ఒక పిల్లాడు జరిగి ఇచ్చిన చోట కూర్చున్నాను.