ఖాళీ కార్డు ధర పెరిగిన ఆదివారం

అమలాపురంలో ఫ్లెక్సీలు డిజైన్ చేసే ఆడమనిషిని నేనొక్కదాన్నే అని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. పెళ్లి, ఓణీల ఫంక్షన్, చర్చి పండగ, ఏ ఫ్లెక్సీ అయినా గంటలో లేపేస్తాను. పని లేని మధ్యాహ్నాలు కార్డుల ఆట ఆడతాను. పేకాట కాదు, కంగారు పడకండి. ఫోన్లో, బ్లాక్‌చైన్ మీద నడిచే ఆట. బ్లాక్‌చైన్ అంటే ఏమిటని అడిగిన ప్రతివాళ్లకీ నేను చెప్పేది ఒకటే: ఒకసారి రాస్తే ఎవరూ కొట్టెయ్యలేని దస్తావేజు, దాని నకళ్లు వేల మంది దగ్గర ఉంటాయి.

ఆ ఆటలో కార్డులు కంపెనీ వాళ్లు గీయరు, ఆడేవాళ్లే గీస్తారు. ఒక ఖాళీ కార్డు కొనుక్కుని, బొమ్మ వేసి, దానికి ఏ బలం ఉండాలో రాసి పంపితే మిగతా ఆటగాళ్లు ఓటేస్తారు. నెగ్గితే ఆ కార్డు ఆటలోకి వస్తుంది. కింద పేరు శాశ్వతంగా ఉండిపోతుంది. ఒక్కటే మెలిక. ఎవరైనా ఒక ఖాళీ కార్డు కొన్నారంటే తర్వాతి దాని ధర పావు వంతు పెరుగుతుంది. ఎవరూ కొనకపోతే రోజురోజుకీ మెల్లగా దిగుతుంది.

మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, బండారులంక మగ్గాలకి చీర అంచుల డిజైన్లు గ్రాఫ్ కాగితం మీద గీస్తుంది. ముప్పై ఏళ్లుగా అదే పని. ఆవిడ గీసిన హంసలు, మామిడి పిందెలు కట్టుకుని ఎంతమంది పెళ్లికూతుళ్లు పీటలెక్కారో! చీర మీద పేరు మాత్రం షాపు వాళ్లది. ఈ అంచు ఎవరు గీసేరండీ అని అడిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. వదినకి మండదనుకున్నాను.

ఆట సంగతి చెప్పగానే, "కింద పేరు నాదే ఉంటుందా అమ్మాయ్?" అంది.

"నీదే వదినా. ఎవడూ తీయలేడు."

అంతే, మూడు వారాలు కూర్చుంది. కాలువ లాకు గీసింది. తలుపులు మూసి ఉన్నాయి, ఇవతల నీళ్లు ఎత్తుగా, అవతల పల్లంగా. ప్రతి గడీ పెన్సిల్‌తో నింపింది. ఆ కార్డు వేస్తే ఎదుటివాడి ఆట ఒక వంతు ఆగిపోతుంది. ఆ బలం ఆలోచించింది కూడా ఆవిడే. ఎవరినీ ఊరికే పొగిడే రకం కాదు నేను, ఆ రోజు పదిసార్లు పొగిడాను.

వదిన తన డిజైన్ డబ్బుల్లోంచి రెండు వేలు తీసి ఇస్తే, ఆట నాణేలుగా మార్చి ఆవిడ ఫోన్లో వేశాను. ధర ఎనిమిది వందలకి దిగిన ఒక ఆదివారం, నా దగ్గర ఈ ఆట నేర్చుకున్న ఆరుగురినీ నా ఫ్లెక్సీ షాపుకి పిలిచాను. వాళ్లలో పెద్దాయన రాజోలు నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్కల మాస్టారు. కాఫీలయ్యాయి. ఇక కొనండి అన్నాను.

"ముందు తమరు కానివ్వండి మాస్టారూ."

"అబ్బే, నాదేముందండీ, మీరు కానివ్వండి."

"ఆయ్, అలాక్కాదండీ, పెద్దవారు తమరు."

ఇది తెమిలేలా లేదని తీర్పు నేనే చెప్పాను. వచ్చినవాళ్లు ముందు, ఇంటివాళ్లు, అంటే వదినా నేనూ, ఆఖరున. మన ఇళ్లలో బంతి భోజనాలకి అంతేగా! వదిన కూడా "అవునండీ, కానివ్వండి" అంటూ మంచినీళ్లు అందించింది. ఆరుగురూ నవ్వుతూ కొన్నారు. వదిన వంతు వచ్చేసరికి ధర మూడు వేలు దాటింది.

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత ఊరికే పుట్టలేదు. ఒకరు కొంటే ధర పెరుగుతుందని వాళ్లందరికీ నేర్పింది నేనే! పక్కనే లెక్కల మాస్టారున్నారు, ఆయనకీ తట్టలేదు! వదిన ఫోన్ వంక చూసి, "పర్లేదులే అమ్మాయ్" అని కాఫీ గ్లాసులు ఎత్తుకుంది. నాకు ఏడుపొచ్చింది. తక్కువైంది నేను వేస్తానంటే, "నా పేరుకి నీ డబ్బులేంటి?" అని గట్టిగానే అంది.

మాస్టారు పాపం సిగ్గుపడిపోయారు. "నా ఖాళీ కార్డు మీద మీ లాకు వేసేయండమ్మా. కాకపోతే కొన్నది నేను కాబట్టి కింద నా పేరే పడుతుంది" అన్నారు.

"వద్దండీ మాస్టారూ. ముప్పై ఏళ్లుగా చేస్తున్నది అదే కదండీ" అంది వదిన.

మాస్టారు ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు.

"దిగుతుంది, నేను చూసుకుంటాను" అన్నాను. నా మీద నాకు నమ్మకం జాస్తి. మాలో ఎవరూ ఇంకోటి కొనకూడదని ఒట్టు కూడా వేయించాను. అయితే ఆట మా ఒక్కళ్లదే కాదుగా. ధర దిగేది, ఏ దేశంలోనో ఒకడు కొనేవాడు, మళ్లీ ఎక్కేది. ఇలా నెల గడిచింది. ఆ నెల నా షాపుకొచ్చిన వాళ్లందరికీ ఉత్తపుణ్యానికి తిట్లు పడ్డాయి.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఫోన్ తెరిస్తే ధర పంతొమ్మిది వందల చిల్లర! వదినకి చెప్పబోతుండగా నా కళ్ల ముందే ఇరవై నాలుగు వందలకి ఎగిరింది. ఎవడో కొనేశాడు. ఆ కొన్నవాణ్ణి ఏడు తరాలతో సహా తిట్టి, వదినకి ఏ మొహంతో చెప్పనా అనుకుంటూ ఫోన్ చేశాను.

"నేనే కొన్నానమ్మాయ్" అంది. "నీక్కూడా కొనాలని ఉందని తెలుసు. అడిగితే ముందు నువ్వు కానీ అనేసేదాన్ని. అందుకే అడగలేదు."

ఏడు తరాల తిట్లూ వెనక్కి తీసుకున్నాను. నా వంతు పోయిందని క్షణం చివుక్కుమన్న మాట నిజమే, దాచను. తర్వాత మాత్రం షాపులో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను.

ఓట్లలో లాకు నెగ్గింది. నెగ్గుతుందని నాకు ముందే తెలుసు. కొన్నాళ్లకి ఒక ఆట గెలవబోతుండగా అవతలి మనిషి నా మీద అదే కార్డు వేశాడు. నా ఆట ఆగిపోయింది. బొమ్మ కింద పేరు చూస్తూ ఉండిపోయి, ఆ ఆట ఓడిపోయాను. వెంటనే ఫోన్ చేశాను.

"వదినా, నీ లాకు నా మీదే వేసేరు. ఓడిపోయేను."

"ఎవరేసేరు?"

"ఎవరో. మనకి తెలియని మనిషి."

వదిన మెల్లగా అడిగింది, "పేరు కనబడిందా?"

"కనబడింది వదినా."

"ఏదీ, ఒకసారి చదువు."

ఇంటిపేరుతో సహా చదివాను.