తార్నాకకు మోసుకెళ్ళిన మామిడిపండు

జనగామలో పొద్దున పుష్‌పుల్ బండి ఎక్కాలనుకునేవాళ్ళు ఏడు కాకముందే ప్లాట్‌ఫాం మీద ఉండాలి. బండి వచ్చాక పరుగెత్తితే నిలబడే ప్రయాణమే. నేను ఆరున్నరకే చేరాను. సీటు మీద ఆశతో కాదు, రాత్రంతా నిద్ర పట్టక. చేతిలో గుడ్డసంచి, అందులో టవల్లో చుట్టిన ఒకే ఒక్క మామిడిపండు. బండి ఎక్కగానే సంచిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరి మోచెయ్యీ తగలకుండా చుట్టూ చెయ్యి వేసుకుని కూర్చున్నాను.

పండు సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి. నేను ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. ఊళ్ళో స్వరూప మేడమ్ అంటారు. ఒకటో తరగతి నుంచి డీఎడ్ దాకా నా చదువంతా తెలుగు మీడియమే. ఇప్పుడు మా బడి ఇంగ్లీష్ మీడియం అయింది. బోర్డు మారడానికి ఒక పూట పట్టింది. నేను మారడానికి ఇంకా పడుతూనే ఉంది. ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది, రాయమంటే రాస్తాను, నోరు తెరవమంటే మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది.

ఈ జూన్‌లో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళ పసుపుపచ్చ బస్సు మా ఊరి చౌరస్తా దాకా రావడం మొదలుపెట్టింది. ఆ వారమే తల్లిదండ్రులు బడికి వచ్చి కూర్చున్నారు. అందరి తరఫునా యాదగిరి మాట్లాడాడు. యాదగిరి రైతు, బిడ్డ శ్రావణి మా దగ్గర ఒకటో తరగతి.

"మీరంటే మాకు గౌరవమే మేడమ్. కని ఇంగ్లీష్ చెప్తరా, చెప్పరా? గది తేలాలె. వచ్చే సోమవారం మేమందరం వచ్చి ఎనక కూసుంటం. మీరు పాఠం చెప్పుండ్రి. మంచిగనిపిస్తే పిల్లలు ఈడనే ఉంటరు. లేకుంటే బస్సెక్కుతరు."

ఒకటో తరగతి బస్సెక్కితే బడికి తాళం పడినట్టే. ఏడాదికొక తరగతి ఖాళీ అవుతూ పోతుంది. ఆ మాట నాకూ తెలుసు, యాదగిరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే శిక్షణకు పిలుపు వచ్చింది. తార్నాక పక్కన యూనివర్సిటీ క్యాంపస్‌లో గురువారం, శుక్రవారం. మొదటి రోజు చిన్నపిల్లలకు ఇంగ్లీష్ ఎలా చెప్పాలో నేర్పుతారు. రెండో రోజు నిజం పిల్లలను తెచ్చి మన ముందు కూర్చోబెడతారు. ఇరవై నిమిషాలు పాఠం చెప్పాలి, ఒక్క తెలుగు ముక్క దొర్లకూడదు. పాఠం ఏమిటో ముందే ఫోన్లో పంపారు: మామిడిపండు. ఆ మాట చెవిన పడి యాదగిరి తన చెట్టు పండు తెచ్చి ఇచ్చాడు. "దీన్ని పట్టుకోని పోయి గెలిచి రాండ్రి మేడమ్" అన్నాడు. గెలవకపోతే ఏమవుతుందో అతనే చెప్పాడు కదా.

రైల్లో పాఠం లోలోపల చదువుకుంటున్నాననుకున్నాను. పెదవులు కదులుతున్నాయట. ఎదురుగా కూరగాయల గంప పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ కాసేపు చూసి, "ఏ దేవునిది బిడ్డా ఆ మంత్రం?" అని అడిగింది.

"ఇంగ్లీష్ పాఠం అమ్మా."

"అట్లనా! నీ మొఖం చూసి, ఇంట్ల ఎవలకో పానం బాగలేదు కావచ్చు, మొక్కుతున్నవ్ అనుకున్న."

పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గానీ, పాఠం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవలసి వచ్చింది.

సికింద్రాబాద్‌లో దిగేసరికి తొమ్మిది దాటింది. మెట్రోలో వెళ్తే తార్నాకకు చిటికెలో చేరవచ్చు. నేను బస్సెక్కాను, ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. మెట్టుగూడ దాటాక మెట్రో స్తంభాల నీడలో ఆగుతూ సాగుతూ తార్నాక చేరాం. రోడ్డుకు ఇరువైపులా మెస్సుల బోర్డులు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, జిరాక్సు షాపులు. క్యాంపస్ లోపలికి వెళ్ళేవాళ్ళు ఎండాకాలం నడిచే సాహసం చేయకండి, షేర్ ఆటో పట్టుకోండి. చూడటానికి దగ్గరే అనిపిస్తుంది గానీ లోపల ఒక ఊరంత ఉంది. చెట్ల కింద పిల్లలు గ్రూప్స్ పుస్తకాలు తెరిచి కూర్చున్నారు. ఒకడు గోడకేసి తిరిగి గట్టిగా బట్టీ పడుతున్నాడు. పరీక్ష భయం నాకొక్కదానికే కాదులే అని కొంచెం ధైర్యం వచ్చింది.

మాకు శిక్షణ ఇచ్చింది వసుంధర మేడమ్. అనంతపురం వైపు మనిషి, ఉద్యోగం మీద హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. ఆవిడ ఇంగ్లీష్ వింటుంటే ఆనందం, తర్వాత మనల్ని మాట్లాడమంటుంటే వణుకు. ఆ రోజంతా టీచర్లమే పిల్లల్లా నటించాం. నా వంతు వచ్చినప్పుడు "దిస్ ఈజ్ ఎ మ్యాంగో" అనడానికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. "యాలమ్మా అంత భయం? పిల్లోల్లు నిన్నేం కొరుకుతారా?" అన్నారు మేడమ్. మధ్యాహ్నం క్యాంటీన్‌లో సాంబారన్నం బాగుందని అందరూ అన్నారు. నాకు దాని రుచి గుర్తులేదు.

రాత్రి బస లాలాగూడలో, రైల్వే క్వార్టర్స్‌లో ఉండే మా చెల్లె సుజాత ఇంట్లో. మరిది రమేష్ వర్క్‌షాప్‌లో పనిచేస్తాడు. అన్నాలయ్యాక నా అవస్థ చూడలేక, "నేనే ఒకటో తరగతి పిలగాన్ని అనుకో వదినా, చెప్పు" అని కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేను పండు పైకెత్తి "వాట్ ఈజ్ దిస్?" అన్నాను. అతను వాసన చూసి, "ఇది చూస్తానికా వదినా, తింటానికా?" అన్నాడు. సుజాత పడీపడీ నవ్వింది. నేను పండును మళ్ళీ టవల్లో చుట్టేసి, వాళ్ళ ఫ్రిజ్ మీద, ఎవరికీ అందనంత పైన పెట్టాను.

శుక్రవారం పదకొండింటికి నా వంతు. లాలాపేట్ వైపు ఒక బడి నుంచి రెండు ఆటోల్లో రెండో తరగతి పిల్లలను తెచ్చారు. నూనె రాసి దువ్విన తలలు, ఉతికిన యూనిఫారాలు. దేవుడి మీద భారం వేసి గదిలో అడుగుపెట్టాను. వెనక వసుంధర మేడమ్, తోటి టీచర్లు కాగితాలు పట్టుకుని కూర్చున్నారు.

సంచిలో చెయ్యి పెట్టాను. పండు ఇంకా బయటికి రానేలేదు, "మ్యాంగో!" అన్నారు పిల్లలంతా.

వాసనకు కనిపెట్టారనుకున్నాను. "వాట్ కలర్..." అనేలోపే "ఎల్లో!" అన్నారు. "ఈజ్ ఇట్..." అంటే "స్వీట్!" అన్నారు. మధ్యలో ఒకచోట నాకు తర్వాతి ప్రశ్న గుర్తు రాలేదు. ముందు వరసలో రెండు జడల పిల్ల, పేరు అఖిల, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "మేడమ్, గిప్పుడు డూ యూ లైక్ అని అడగాలె" అని గుసగుసగా అందించింది. నేను అడిగాను. "ఎస్, ఐ లైక్ మ్యాంగో" అని గది దద్దరిల్లింది. ఇరవై నిమిషాలూ పది నిమిషాల్లా గడిచిపోయాయి. వెనకవాళ్ళు చప్పట్లు కొట్టారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఇంగ్లీష్ విషయంలో నాకు చప్పట్లు పడటం అదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ సంతోషం బువ్వవేళ దాకా కూడా నిలవలేదు. పిల్లలు వరండాలో కూర్చుని తింటుంటే అఖిల పక్కన చేరి, ముద్దొచ్చి, "వేర్ ఈజ్ యువర్ బ్యాగ్?" అని అడిగాను. పిల్ల నా మొహం చూసింది. నా చేతులు చూసింది, పండు కోసం. తర్వాత నెమ్మదిగా, "మ్యాంగో ఈజ్ స్వీట్" అంది.

"ఇంతకుముందు కూడా ఈడికొచ్చిండ్రా అమ్మా?" అని తెలుగులో అడిగాను.

"మస్తుసార్లు మేడమ్. ఏ మేడమ్ వచ్చినా మామిడిపండే తెస్తది. ఒక సార్ మాత్రం ప్లాస్టిక్‌ది తెచ్చిండు."

లేచి వసుంధర మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ దాచలేదు. "ఏం చేద్దామ్మా? పిల్లోల్లని పంపమంటే ఏ బడోల్లూ పంపరు. ఈ ఒక్క బడే పంపుతుంది. ప్రతి బ్యాచ్‌కీ వీళ్ళే. నువ్వు మాత్రం బాగా చెప్పినావులే, 'ఏ' గ్రేడ్ రాసినాను" అన్నారు.

నేను చెప్పింది ఏముంది? పిల్లలే నాకు పాఠం ఒప్పజెప్పారు. సోమవారం శ్రావణి ముందు నిలబడితే ఎవరు అందిస్తారు? వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. వచ్చేటప్పుడు ఉన్న భయమే నయం, దానికి ఇంకా శిక్షణ ఉందిలే అన్న ఆశ తోడుండేది.

పిల్లల ఆటోలు రావడానికి ఇంకా సమయం ఉంది. వాళ్ళకు పంచడానికి తెచ్చిన బిస్కెట్ ప్యాకెట్లు బల్ల మీద ఉన్నాయి. ఒకటి విప్పి, పిల్లల మధ్య చింతచెట్టు నీడలో కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకే తెలియదు. కసి కావచ్చు.

"బిస్కెట్ కావాల్నా? ఇంగ్లీష్‌ల అడుగుండ్రి."

ఒకడు ఆశగా "ఐ లైక్ మ్యాంగో" అన్నాడు. అందరం నవ్వాం. అప్పుడు చెప్పాను, సగం తెలుగులో, సగం ఇంగ్లీష్‌లో, చేతులు చాపి, లాక్కుని, ఇచ్చి: గివ్ మీ. వెనక కాగితాలు లేవు, గొంతు సవరించుకోవడం మర్చిపోయాను. ఒక్కొక్కరే వచ్చారు. "గివ్ మీ బిస్కెట్." ఒకడు సిగ్గుపడి నా చెవిలో చెప్పాడు. ఇంకొకడు రెండోసారి వరసలో దూరాడు. తప్పో ఒప్పో, ప్రతి ఒక్కరూ తమ కోసం తాము అడుగుతున్నారు, ఎందుకంటే ఆకలి వాళ్ళదే.

శివ అనే బక్కపిల్లవాడు మాత్రం దూరంగా నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఎంత పిలిచినా రాలేదు. ప్యాకెట్ అయిపోవచ్చింది. అప్పుడు అఖిల నా మోచెయ్యి పట్టుకుని గుంజింది.

"మేడమ్... గివ్ శివ. గివ్ శివ బిస్కెట్."

నేను గివ్ మీ అని నేర్పాను. గివ్ శివ అని నేర్పలేదు. ఏ బ్యాచ్ టీచరూ నేర్పి ఉండదు. ఆ పిల్లకు శివ సంగతి చెప్పాలనిపించింది, ఉన్న ముక్కతోనే చెప్పింది. మిగిలిన బిస్కెట్ శివ చేతిలో పెట్టాను.

ఆటో కదిలేటప్పుడు అఖిల చెయ్యి ఊపుతూ, "మళ్ళొచ్చినప్పుడు మామిడిపండు తేకుండ్రి మేడమ్" అని అరిచింది.

'ఏ' గ్రేడ్ కాగితం పర్సులో పెట్టుకుని, సాయంత్రం సికింద్రాబాద్‌లో తిరుగు బండి ఎక్కాను. జనం కిక్కిరిసి ఉన్నారు. మౌలాలి దాటాక మా హెడ్మాస్టర్ మల్లారెడ్డి సార్ ఫోన్ చేశారు. జరిగిందంతా చెప్పాను. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు. "ఇగ భయమెందుకు టీచరమ్మా? రేపు శనివారమే. మన పిల్లలతోని గా మామిడిపండు పాఠమే పొద్దుమూకెదాకా చెప్పించు. సోమవారం వాళ్ళ అమ్మానాయనలే చప్పట్లు కొడతరు."

అబద్ధం ఎందుకు, ఆయన చెప్పకముందే ఆ ఆలోచన నాకూ వచ్చింది. శ్రావణి చురుకైన పిల్ల, ఒక్క రోజులో ఒప్పజెప్పేస్తుంది. యాదగిరి మురిసిపోతాడు. బడి నిలబడుతుంది. తర్వాత దసరా నాటికి శ్రావణిని ఇంట్లో ఎవరో "బ్యాగ్ ఏది?" అని ఇంగ్లీష్‌లో అడిగితే, మ్యాంగో ఈజ్ స్వీట్ అంటుంది. అప్పుడు యాదగిరి నన్నేమంటాడు? ఏమీ అనడు, బిడ్డను బస్సెక్కిస్తాడు. ఆ ఏమీ అనకపోవడానికే నాకు ఎక్కువ భయం వేసింది.

పండు బాగా మగ్గింది. వాసన పెట్టెంతా పరుచుకుంది. పక్కనావిడ రెండుసార్లు నా సంచి వైపు చూసింది. ఘట్‌కేసర్ వచ్చేవరకు దాన్ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాను. తర్వాత టవల్ విప్పి, తొడిమ కొరికి ఊసేసి, అక్కడే కిటికీ పక్కన తినడం మొదలుపెట్టాను. అది ఉంటే శనివారం నా చెయ్యి ఊరుకోదు. రసం మోచేతుల దాకా కారింది.

టెంక చీకుతుండగా యాదగిరి ఫోన్. ఎడమచేత్తో ఎత్తాను.

"మేడమ్, మా పండు పనికొచ్చిందా?"

"వచ్చింది యాదగిరీ. మస్తు తియ్యగున్నది."

"తిన్నరా?"

"తిన్న. సోమవారం పండు ఉండదు, ఒప్పజెప్పుడు ఉండదు. బిస్కెట్లు తెస్త. పిల్లలకు ఒక మాట నేర్పుత, మీ ముందే. ఎంతొస్తే అంతే చూస్తరు. శ్రావణికి ఆ రోజు రెండు ముక్కలొస్తయో, అసలే రావో, నాకు తెల్వది. కని వచ్చిందేదో అది పిల్లదే అయితది."

బండి చప్పుడుకు ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"బస్సాయన సోమవారమే ఫీజు కట్టమంటుండు మేడమ్" అన్నాడు.

రసం కారిన చెయ్యి టవల్‌కు తుడుచుకున్నాను.

"మంగళారం చెప్త అంటలే ఆయనకు" అని ఫోన్ పెట్టేశాడు.

ఒక్క రోజు ఇచ్చాడు. జనగామలో దిగి, స్టేషన్ ముందు కిరాణా కొట్టులో బిస్కెట్ ప్యాకెట్లు కొన్నాను. సంచి వెళ్ళేటప్పటికంటే బరువుగా ఉంది. భయం మాత్రం వెళ్ళేటప్పుడు ఎంత ఉందో అంతే ఉంది.