సిల్వర్ జూబ్లీ సర్వరు

ఆ రోజుల్లో ఫిలింనగర్‌లో రోడ్డు మీద నిలబడ్డ ప్రతి మనిషి చంకలోనూ ఒక కథ ఉండేది. టీ కొట్టాయన దగ్గర రెండుండేవి, ఒకటి మాస్, ఒకటి ఫ్యామిలీ. ఏ కథా లేకుండా ఆ వీధుల్లో తిరిగిన అభాగ్యులం బహుశా మేమిద్దరమే: నేనూ, మా అక్కని చేసుకున్న మా బావా. మాకున్నదల్లా ఒక వెబ్ హోస్టింగ్ కంపెనీ. అంటే ఏమిటని అడిగినవాళ్ళకి బావ ఓపిగ్గా, "వెబ్‌సైట్లకి గది అద్దెకిస్తామండీ. ఆ గది పేరు సర్వరు. రాత్రీ పగలూ మేలుకుని ఉండి, ఎవరు తలుపు తట్టినా తీస్తుంది" అని చెప్పేవాడు. "ఏదీ, చూపించండి" అంటే మాత్రం ఇద్దరం ఆకాశంకేసి చూసేవాళ్ళం, ఎందుకంటే మాకు సొంత సర్వరు లేదు. ఇంకెవరిదో అద్దెకు తీసుకుని, దాన్నే ముక్కలు చేసి మళ్ళీ అద్దెకిచ్చేవాళ్ళం. మా ఖాతాదారుల్లో ఒక విగ్గుల దుకాణం, ఒక కర్రీ పాయింటు, శ్రీనగర్ కాలనీలో జాతకాలు చెప్పే ఒక పెద్దాయన ఉండేవారు. (ఆయన వెబ్‌సైటు మళ్ళీ ఎప్పుడు తెరుచుకుంటుందో ఆయనే మాకు ఫోన్ చేసి అడిగేవాడు.)

అలాంటి మా వలలో జూబ్లీహిల్స్ నిర్మాత ఒకాయన పడ్డాడు. ఆయన వలలో మేమే పడ్డామని బావ వాదన. పరిశ్రమ మొత్తం ఆయన్ని 'ముహూర్తంగారు' అనేది. తుమ్ము వస్తే వారం, వర్జ్యం కనుక్కునేదాకా ముక్కు పట్టుకుని కూర్చునే మనిషి. ట్రైలర్లు ముందుగా సినిమా సొంత వెబ్‌సైట్లో విడుదల చేయడం అప్పుడప్పుడే ఫ్యాషనవుతోంది. "అద్దె కొంపలో నా ట్రైలర్ పెట్టను. మీ సొంత మిషన్ తెచ్చుకోండి. నేను చూసి సరే అన్నాకే కొనండి. ట్రైలర్ బాగా జరిగిందా, నా సినిమాలన్నీ మీకే, నా తోటివాళ్ళవీ మీకే" అన్నాడు. ఆ మాట ఇంటికి మోసుకొస్తే అక్క పప్పు గరిటె చేత్తో పట్టుకునే తీర్పిచ్చింది: "ఇదే ఆఖరు. కుదిరితే కంపెనీ. కుదరకపోతే షట్టరు దించేసి ఇద్దరూ బుద్ధిగా ఉద్యోగాలు చూసుకోండి." బావ నాకేసి చూశాడు. నేను పప్పుకేసి చూశాను.

కొత్త సర్వరు మా తాహతుకి చంద్రమండలం. అందుకని ఎర్రగడ్డలో పాత కంప్యూటర్ల సేటు దగ్గరికి వెళ్ళాం. ఫిలింనగర్లో ఏ గ్రాఫిక్స్ ఆఫీసు మూతపడినా దాని యంత్రాలు చివరికి ఆయన కొట్లోకే చేరేవి. అక్కడ రెండు సర్వర్లు అమ్మకానికున్నాయి. ఒకటి నల్లది, పలకలా సన్నగా, మాట్లాడితే వినపడనంత మర్యాదస్తురాలు. రెండోది బూడిద రంగుది, మా తాతగారి ఇనప్పెట్టెకి అన్నగారిలా ఉంది. బావ నల్లదాని మూత విప్పి, సంబంధం చూడ్డానికొచ్చిన మేనత్తలా పరీక్ష చేశాడు. దుమ్ము ఎంతుందో ఊది చూశాడు, డిస్కులు ఎన్నాళ్ళు పనిచేశాయో చదివాడు, చెవి ఆనించి ఫ్యాను గుండె చప్పుడు విన్నాడు. నడుస్తుండగా ఒక డిస్కు లాగేశాడు. మిగిలిన డిస్కు ఏమీ జరగనట్టే నడిపించింది. బావ మొహం వెలిగింది. తర్వాత బూడిదదాన్ని ఆన్ చేశాడు. కొట్టు ముందు పడుకున్న కుక్క లేచి, వెనక్కి చూడకుండా బంజారాహిల్స్ వైపు వెళ్ళిపోయింది.

"నల్లదేరా. ఆలోచించే పనే లేదు" అన్నాడు బావ.

అంతలో ముహూర్తంగారి కారు ఆగింది. ఆయన తెల్లబట్టలు, పది వేళ్ళకీ పన్నెండు ఉంగరాలతో దిగి, మూతలూ డిస్కులూ ఏమీ చూడకుండా సేటుని ఒకటే అడిగాడు. కొత్త కెమెరామెన్ గురించి, కొత్త హీరోయిన్ గురించి, ఆఖరికి కొత్త వంటవాడి గురించి కూడా పరిశ్రమలో అడిగే ప్రశ్న అదే.

"ఇంతకుముందు ఏ సినిమాకి చేసింది?"

"నల్లదా సార్? గా పాముల సినిమాకి గ్రాఫిక్స్ చేసింది."

"ఆడిందా?"

"యాడ ఆడింది సార్. పొద్దుగాల ఆటకి పోయినోళ్ళు ఇంటర్వెల్ల పార్కింగ్‌ల ఉన్నరు."

ముహూర్తంగారు రెండడుగులు వెనక్కి వేసి, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఫ్లాపు గాలిద్వారా కూడా అంటుకుంటుందని ఆయన నమ్మకం.

"మరి అది?"

సేటు ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడంలో ముప్ఫయ్యేళ్ళ వ్యాపారం ఉంది. "గది సిల్వర్ జూబ్లీ సార్" అన్నాడు, గొంతు తగ్గించి. "హీరో ఎంట్రీ దీని మీదనే తయారైంది. థియేటర్ల చిల్లర ఎగిరేసిన్రు."

నిర్మాత చెప్పులు విడిచి, ఆ బూడిదరంగు పెట్టెని తాకి కళ్ళకద్దుకున్నాడు.

"అండీ, దాని డిస్కు అరుస్తోందండీ" అన్నాడు బావ, ప్రాణం ఉగ్గబట్టుకుని.

"హిట్టు కొట్టిన హీరో అరిస్తే మనం భరించట్లా?"

"ఫ్యాను వేడెక్కుతోందండీ."

"హీరోకీ అంతేగదయ్యా. గొడుగు పడతాం, ఏసీ వేస్తాం."

బావ ఇంకా ఏదో అనబోతే నేను తొడ మీద గిల్లాను. (అక్క గరిటె నా కళ్ళముందు ఆడుతోంది.) అలా మూడు భాషల సాంకేతిక పుస్తకాలు నమిలిన మా బావ, సెంటిమెంటు ముందు సాష్టాంగపడి, సిల్వర్ జూబ్లీని ఆటోలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫిలింనగర్ తీసుకొచ్చాడు.

మాది ప్రార్థన చేసుకుని పని మొదలుపెట్టే క్రైస్తవ కుటుంబం. రాహుకాలం మాకు చుట్టంచూపుగా కూడా తెలీదు. అయినా ఆ గురువారం మా కిరాయి గదిలో సర్వరుకి పెళ్ళికి తక్కువ, షష్టిపూర్తికి ఎక్కువగా ముహూర్తం జరిగింది. గుమ్మడికాయ కొట్టారు. నీళ్ళు చల్లకండని బావ పంతులుగారి చేతులు పట్టుకున్నాడు. ఒక హీరోగారి వేలువిడిచిన బాబాయి క్లాప్ కొడితే, ముహూర్తంగారు "యాక్షన్" అని స్విచ్చి వేశాడు. చేంతాడంత బంతిపూల దండ వేశారు. సర్వరు ముందునుంచి రేకలు పీల్చి వెనకనుంచి గదంతా చల్లింది. "చూశారా, అదే మనకి అక్షింతలు వేస్తోంది. ట్రైలర్ వచ్చేదాకా దండ తీయొద్దు" అన్నాడాయన. పైగా రోజూ కొత్త దండ పంపించాడు.

మర్నాడు కింద వాటాలోని ఓనరమ్మ పైకి వచ్చింది. "ఏంది బిడ్డా, మీద బోరు ఏస్తున్రా?"

"కాదమ్మా, సర్వరు."

"జర మెల్లగ సర్వ్ చేయమనున్రి. నా టీవీల ఏడ్చేటోళ్ళ ఏడుపు గూడ ఇనొస్తలేదు."

ట్రైలర్ రోజు వచ్చింది. అక్క తన ఆఫీసు నుంచి చూస్తానంది. ఉదయం చెప్పిన సమయానికి బావ మీట నొక్కాడు. సిల్వర్ జూబ్లీ ఒకసారి గర్జించింది, రెండోసారి దగ్గింది, ఆ తర్వాత ఆగిపోయింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం మేమెప్పుడూ వినలేదు. ఓనరమ్మ కంగారుగా మెట్లెక్కి వచ్చింది. "ఏమైంది బిడ్డా, మంచిగనే ఉన్నరా?"

మేం మంచిగా లేం. బావ మూత తీశాడు. ఫ్యాను నిండా బంతిరేకలు, తడికి బిగుసుకుని లడ్డూలా అయ్యున్నాయి. గాలాడక సర్వరు ఉడికిపోయింది. పోనీ జనం తాకిడికి పడిందా అంటే, అప్పటికి తలుపు తట్టినవాళ్ళు మా అక్కా, ముహూర్తంగారి మేనేజరూ, దారితప్పి వచ్చిన విగ్గుల కొట్టాయనా. అంతే. ఫోన్ మోగింది. బావ దాన్ని పామునిచ్చినట్టు నా చేతికిచ్చాడు.

"పడిపోయిందా?" అన్నాడు ముహూర్తంగారు.

"పడిపోయిందండీ."

"పూర్తిగానా?"

"పూర్తిగానండీ." నా కళ్ళముందు షట్టరు దిగుతోంది. "గంటలో లేపేస్తామండీ."

"గంటలో ఎందుకయ్యా లేపడం?" ఆ గొంతులో ఆనందం పొంగుతోంది. "సాయంత్రందాకా పడుకోనివ్వండి. నేను చానళ్ళవాళ్ళతో మాట్లాడుతున్నా."

ఓనరమ్మ టీవీలో మధ్యాహ్నానికల్లా ఎర్రక్షరాలు పరుగెత్తాయి: అభిమానుల తాకిడికి కుప్పకూలిన సర్వర్లు. సర్వర్లట. ఉన్న ఒక్కటీ నేలమీద నోరు తెరుచుకుని ఉంటే, దాని పళ్ళలోంచి బావ పట్టకారుతో పువ్వులు తీస్తున్నాడు.

ఆ సినిమా శుక్రవారం వచ్చి సోమవారం వెళ్ళిపోయింది. సర్వరు మాత్రం స్టారైంది. ఫిలింనగర్లో మా మెట్లమీద నిర్మాతలు చెప్పులు విడిచి నిలబడ్డారు. "మాకూ పడాలి" అని ఒకరు, "వాళ్ళది ఒక పూట పడిందిగా, మావాడు సీనియరు, రోజంతా పడుండాలి" అని ఇంకొకరు. అక్క గరిటె కిందపెట్టి టీ ఇవ్వడం మొదలెట్టింది. బావ ఒక్కడే చిక్కిపోయాడు. పడకుండా నిలబెట్టడం చదువుకున్న మనిషి, టైము చూసి పడగొట్టడం ఎన్నాళ్ళని చేస్తాడు? ఒకరోజు చెప్పకుండా ఎర్రగడ్డ వెళ్ళి, ఇంకా ఎవరూ తాకని ఆ నల్లదాన్ని తెచ్చి, అందరి వెబ్‌సైట్లూ దాంట్లోకి మార్చేశాడు. మరుసటి ట్రైలర్‌కి నిజంగానే జనం వచ్చారు. నల్లది కన్ను కూడా ఆర్పలేదు.

"ఏం మనుషులయ్యా మీరు" అని ఆ ట్రైలర్ నిర్మాత ఫోన్లో వాపోయాడు. "ట్రైలర్ వచ్చి పూటైంది, మీ మిషన్‌కి చీమ కుట్టినట్టైనా లేదు. పక్కవాళ్ళు ఏమనుకుంటారు? జనం రాలేదనుకోరూ?"

నెల తిరిగేసరికి ఒక్క నిర్మాతా మిగల్లేదు. షట్టరు నేనే దించాను. బావ బయట నిలబడి, నల్లదాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని, ఎందుకో నవ్వుతున్నాడు.

ఇప్పుడు బావ ఒక పెద్ద బ్యాంకులో సర్వర్లు పడిపోకుండా కాపలా కాస్తాడు. అక్కడ పడితే ఎవరూ పండగ చేసుకోరట, అదే తన అదృష్టమంటాడు. నల్లది మా అక్క వాళ్ళింట్లో బీరువా పక్కన, మా చర్చి పాటల వెబ్‌సైటు మోస్తూ ఇంకా మేలుకునే ఉంది. మొన్న ఏదో ట్రైలర్ దెబ్బకి సర్వర్లు కుప్పకూలాయని ఫోన్లో వార్త వస్తే బావకి పంపాను. చాలాసేపటికి జవాబొచ్చింది: "దండ ఎవరు వేశారో కనుక్కోరా."

నడివయసు మనిషిని, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర ఒంటరిగా స్కూటర్ మీద కూర్చుని, పక్క కారువాళ్ళు అద్దం దించి చూసేంతగా నవ్వాను.