పరధ్యానానికి అర్థం

ఆ అచ్చాఫీసులో ఇరవై ఏళ్లు నేను రాతప్రతిని కామాలతో సహా పైకి చదివాను, ప్రూఫులు దిద్దే ఆయన అచ్చుప్రతి మీద వేలు జరుపుతూ విన్నాడు. మా ఇద్దరి ఉద్యోగమూ అంతే. నేను ఒక్క కామా మింగినా, "మళ్లీ చదువమ్మా" అనేవాడు. ఒక వానరోజున రెండు గొడుగులు చంకలో పెట్టుకుని తడుస్తూ ఇంటికెళ్లిందీ ఆయనే. ఆ రెండూ ఆయనవి కావు.

"మనిషిని ఇక్కడ వదిలేసి ఎక్కడికెళ్లావయ్యా?" అని బైండరు ఆటపట్టించేవాడు.

"ఇక్కడే ఉన్నా. పదకొండో పేజీలో" అనేవాడు, తల ఎత్తకుండా.

ఆయన భార్య ఒక ఆదివారం మధ్యాహ్నం పోయింది. ఆయన ముందుగదిలో ప్రూఫులు దిద్దుకుంటున్నాడు. వంటింట్లోంచి ఆమె, "ఏమండీ, ఛాతీలో ఏదోలా ఉంది" అందట. "ఊఁ" అన్నాడు. మళ్లీ పిలిచింది. మళ్లీ "ఊఁ" అన్నాడు. కూతురు బజారు నుంచి వచ్చేసరికి తల్లి పొయ్యి దగ్గర పడి ఉంది. తండ్రి ఇంకా దిద్దుతూనే ఉన్నాడు. ఆనాటి నుంచి ఆ పిల్ల ఆయనకు వేళకు అన్నం పెడుతోంది గానీ, పలకరించడం మానేసింది.

కొన్ని నెలలకు మా ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు రెండో కూర్పు పనిలో 'ఆబ్సెంట్‌మైండెడ్' దగ్గరికి వచ్చాం. పాత కూర్పులో 'అశ్రద్ధ గల' అని ఉంది. ఆయన దాన్ని కొట్టేసి, అంచున 'పరధ్యానంగా ఉన్న. మనసు మరోచోట ఉన్న' అని రాశాడు.

"అశ్రద్ధ వేరమ్మా. అక్కర్లేదని వదిలేస్తే అశ్రద్ధ. ఇతను వదిలేయలేదు, వినపడలేదంతే."

ఎవరికి వినపడలేదని నేను అడగలేదు. సంపాదకుడు మార్పుకు ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం ఆ కాగితం కూతురికి చూపించాలని ఇంటికి పట్టుకెళుతూ నన్నూ రమ్మన్నాడు. "నువ్వుంటే, నీ మొహం చూసైనా ముందుగదిలోకి వస్తుంది."

వచ్చింది. నిలబడే చదివింది. ఇన్ని నెలల తర్వాత నోరు విప్పింది.

"మనసు మరోచోట ఉందా నాన్నా? మరి ఆఫీసులో ఈ అత్తయ్య ఒక కామా మింగితే వినపడుతుందేం నీకు?"

నేను కాదంటానేమోనని ఆయన నా వైపు చూశాడు. ఆ పిల్ల కాగితం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఆఫీసులో ఆ పుట ముందేసుకున్నాడు. మా పనిలో, కొట్టేసిన మాట మళ్లీ ఉండాలంటే దాని కింద చుక్కలు పెడతాం. 'అశ్రద్ధ గల' కింద నెమ్మదిగా, ఒక్కొక్కటే చుక్క పెట్టాడు. అంచున తాను రాసినదాన్ని అడ్డంగా కొట్టేశాడు.

"రెండూ ఉండనివ్వండి అన్నయ్యా. ఆ మాటకు రెండూ సరిపోతాయి" అన్నాను.

"తర్వాతి మాట చదువమ్మా."

చదివాను. పుస్తకం అచ్చయి వచ్చాక, 'అశ్రద్ధ గల' అనే ఉన్న ఆ పుట ఒక్కసారి అమ్మాయికి చూపిద్దామన్నాను. వద్దన్నాడు.