తల, తోక, నీతి

"అమ్మమ్మా, అసలు నువ్వీ కథ చదివావా?"

ఏడో తరగతి మనవరాలు మధ్యాహ్నం అన్నం తింటూ, పక్కనే పడున్న కొత్త గైడు ప్రూఫు కాగితాలు తిరగేస్తూ ఈ మాట అడిగేసరికి గైడమ్మ చేతిలో గరిటె ఆగింది. ఇరవై రెండేళ్లుగా బడిపాఠాలకు గైడు రాసి బతుకుతున్న మనిషి ఆమె. వీధిలో ఆమెకు ఆ పేరు అందుకే వచ్చింది.

చదవలేదు. ఆమె పద్ధతి వేరు. మొదటి పేరా, చివరి పేరా, పాఠం వెనక ప్రశ్నలు చూస్తుంది. కథకు తలా తోకా తెలిస్తే నీతి దానంతటదే బయటపడుతుందని నమ్మకం. పబ్లిషరు ఇచ్చేది పాఠానికింత అని. నిదానంగా చదువుతూ కూర్చుంటే గిట్టుబాటు కాదు. పైగా మనకు నీతులకేం కరువు? అబద్ధమాడరాదు, పెద్దల మాట వినాలి, ఐకమత్యమే బలం. ఓ పదిహేను చేతిలో ఉంటే ఎన్ని వందల కథలనైనా నెట్టుకురావచ్చు. పిల్లలు వాటిని బట్టీపడతారు, మార్కులు తెచ్చుకుంటారు, కథను మరిచిపోతారు. దీన్నే మనం సాహిత్యబోధన అంటున్నాం.

ఈ ఏడాది పరీక్షలో ప్రశ్న మారింది. 'కథలోని నీతి ఏమిటి?' పోయి 'కథలోని మూలభావాన్ని గుర్తించి, ఆధారాలతో రాయండి' వచ్చింది. పేరు మారిందే గాని సంగతి అదేలే అనుకుంది గైడమ్మ.

కథ చిన్నదే. తమ్ముడు ఇంటి తాళంచెవి పోగొడతాడు. అక్క ఆ తప్పు తన మీద వేసుకుంటుంది. చివర్లో అమ్మకు నిజం చెప్పేస్తుంది. గైడమ్మ రాసిన జవాబు: 'ఎల్లప్పుడూ నిజమే చెప్పాలి.'

"మరి మధ్యలో సంగతి?" అంది మనవరాలు వేళ్లు నాక్కుంటూ. "వాడు మూడుసార్లు అక్క వంక చూస్తాడు. తాళంచెవి పోయినప్పుడు చూశాడు, సరే. పలక పగిలినప్పుడు చూశాడు. మూడోసారి, కొత్త మాస్టారు నీ పేరేంట్రా అంటే చూశాడు! వాడి పేరు వాడికి తెలీదా?"

"సిగ్గేమోలే. అన్నం తిను."

"సిగ్గు కాదు. అక్కకి భయమేసింది అక్కడే. వీడు ఎప్పటికీ నా వెనకే దాక్కుంటాడని. అందుకే చెప్పేసింది. పరీక్షలో నేనిదే రాస్తా."

"రాస్తే సున్నా వేస్తారే తల్లీ! దిద్దేవాళ్ల ముందుండేది నా గైడే."

అన్న తరువాత గాని ఆ మాట ఆమెకే వినబడలేదు. పిల్ల తెలుగు వాచకం లాక్కుని, నిలబడే, కథ మొదటినుంచి చివరిదాకా చదివింది. పిల్ల చెప్పిందే నిజం. గోడగడియారంలో రెండు కావస్తోంది. ఆ పేజీలున్న ఫారం మూడింటికి అచ్చుమిషనెక్కుతుంది. నలభై వేల కాపీలు.

ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఇంటద్దెకు లోటుండదు. కిందటి నెలే పబ్లిషరు తేల్చేశాడు: "అమ్మగారూ, ఇంకోసారి ఆఖరి నిమిషంలో దిద్దుబాటు తెచ్చారంటే మీకో దండం. వేరేవాళ్లని చూసుకుంటా." ఇద్దరి తిండీ, పిల్ల ఫీజూ ఆ గైడు మీదే.

ప్రెస్సుకెళ్లే బస్సులో కూర్చుందన్న మాటే గాని ప్రతి స్టాపులోనూ దిగిపోదామనిపించింది. చేతిలో ప్రూఫు కాగితం చెమటకు మెత్తబడింది. ప్రెస్సులోకి అడుగుపెట్టేసరికి ఫోర్‌మన్ మిషనుకు ఆ పేజీల అచ్చు ప్లేటు బిగిస్తున్నాడు.

"ఆపు నాయనా, ఒక్క జవాబు మార్చాలి."

"ప్లేటు అయిపోయిందమ్మా. పబ్లిషరుగారు చెప్పకుండా నేను చెయ్యేస్తే నా ఉద్యోగం పోద్ది," అంటూనే ఆయనకు ఫోను కలిపిచ్చాడు. ఆమె సంగతంతా చెప్పింది.

"'నిజమే చెప్పాలి' అని రాస్తే తప్పేముందండీ?" అరిచాడు పబ్లిషరు. "పిల్లల్ని అబద్ధాలాడమంటారా?"

"నిజం చెప్పడం మంచిదేనండీ. ఈ కథ చెప్పేది అది కాదు."

"నెల క్రితం తెలీదా ఆ సంగతి?"

ఫోర్‌మన్ వింటున్నాడు.

"అప్పుడు పూర్తిగా చదవలేదు," అంది.

"కొత్త ప్లేటు ఖర్చు మీదే," అని పబ్లిషరు ఫోను పెట్టేశాడు.

పాత జవాబు ఎంత చోటు తింటే కొత్తదీ అంతే తినాలి, లేకపోతే పేజీ జారిపోతుందన్నాడు ఫోర్‌మన్. ఆధారాల కోసమని కింద వదిలిన చోటు కలుపుకుంటే మూడు వరుసలు. నీతిని ఇరికించడానికి ఒక్క వరుస చాలు. మూలభావానికి మూడైనా ఇరుకే: ఎవరు దేనికి భయపడ్డారు, ఏది మళ్లీ మళ్లీ జరిగింది, చివరికి ఎవరిలో ఏం మారింది, ఇన్ని చూసుకోవాలి. నాలుగుసార్లు కొట్టేసి, రాసింది: 'మన తప్పులన్నీ వేరొకరు మోస్తుంటే మనం మన కాళ్ల మీద నిలబడలేము. ఆధారం: తమ్ముడు తన పేరు చెప్పడానికి కూడా అక్క వైపు చూడటం.'

గైడు బజారులోకి వచ్చింది. ఎనిమిదో తరగతి గైడు రాయమని పబ్లిషరు దగ్గర్నుంచి ఇంతవరకు కబురు లేదు. ఫోను మోగినప్పుడల్లా ఆమె పరుగున వెళ్లి ఎత్తుతుంది. సాధారణంగా అవతల ఉండేది ఇంటి ఓనరే. ఏడో తరగతి గైడులోని పందొమ్మిది పాఠాల్లో పద్దెనిమిదింటికి డబ్బు వచ్చింది, అందులోంచి ప్లేటు ఖర్చు మినహాయించారు. తాళంచెవి పాఠం తాలూకు డబ్బు మాత్రం ఇంకా రావాల్సి ఉంది.